టికెట్టు వెనక జాతకం

రైల్వే స్టేషన్లలో ఒకప్పుడు బరువు చూసే యంత్రాలుండేవి. ఎక్కి నిలబడి బిళ్ళ వేస్తే ఎర్ర దీపాలూ పచ్చ దీపాలూ వెలిగేవి, చక్రం గిర్రున తిరిగేది, చిన్న అట్ట టికెట్టు జారిపడేది. దానికి ఒక పక్క కిలోలు, రెండో పక్క జాతకం. మీది ఉదార స్వభావమనో, త్వరలో శుభవార్త వింటారనో ఉండేది. పిల్లలకు జాతకమే ముఖ్యం, కిలోలు ఎవడికి కావాలి? ఆ యంత్రాలు ఇప్పుడు పెద్దగా కనబడవు గానీ వాటి బుద్ధి మనకు అంటుకునే ఉంది. ఒకరి బరువు తెలియగానే టికెట్టు తిరగేసి మనిషి గుణం చదివేస్తాం: బద్ధకస్తుడు, నోరు కట్టుకోలేడు, పట్టుదల లేదు.

చెన్నై మైలాపూరులో నాగేశ్వరరావు పార్కుకు తెల్లవారి ఆరింటికి వెళ్తే ఈ జాతకాలు నడకతో పాటు నడుస్తుంటాయి. ఆంధ్రపత్రిక పెట్టిన, అమృతాంజనం చేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరిట ఉన్న పార్కు అది. ఊరందరి తలనొప్పికీ మందిచ్చిన మనిషి పేరు మీది చెట్ల కింద ఇంత తలనొప్పి చర్చ జరగడం ఒక తమాషా. కొన్నేళ్ళ క్రితం దాకా అక్కడి వాదం ఏ డైట్ మంచిదన్నది. ఇప్పుడు మాట మారింది. "డైట్లతో పనికాదండీ, మైండ్‌సెట్ మారాలి, అలవాట్లు మారాలి" అంటున్నారు. వినడానికి బాగుంది. ఇందులో నిలబడేది ఎంత, గాలికి పోయేది ఎంత అన్నది ఈ వ్యాసానికి ప్రశ్న.

డైట్ అన్న మాట తెలుగువాళ్ళకు కొత్తదే గానీ దీక్ష పాతది. మాల వేసుకుంటాం, నలభై ఒక్క రోజులు నియమం పాటిస్తాం, మాల తీస్తాం, మళ్ళీ మామూలే. మైలాపూరులో ఉంటూ దీక్ష అన్న మాటను తేలిగ్గా వాడలేం. రాయపేట హైరోడ్డులోని 126వ నంబరు ఇంట్లో, బులుసు సాంబమూర్తి గారి నివాసంలో, పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మొదలుపెట్టిన నిరాహార దీక్ష 58 రోజులు సాగి డిసెంబరు 15న ఆయన ప్రాణంతో ముగిసింది. ఆ దీక్షకూ నడుం చుట్టు కొలత కోసం చేసే దీక్షకూ పోలిక తేవడం అపచారం. నాకు కావలసింది ఆ మాటలోని ఒక్క లక్షణమే: దీక్షకు ఒక గమ్యం ఉంటుంది, గమ్యం దగ్గర అది ఆగుతుంది. ఒంటికి అలాంటి గమ్యం లేదు. మాల తీసిన మర్నాడు కూడా ఆకలేస్తుంది.

తెలుగు నేల మీద ఈ దీక్షలకు కరువు లేదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే లేని వంట నేర్పారు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి ఊళ్ళకు ఊళ్ళను ఊపేసింది: కొబ్బరి నూనె, నిమ్మకాయలు, లీటర్ల కొద్దీ నీళ్ళు, విటమిన్ మాత్రలు, అన్నం బంద్. ఆ వెనకే ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు వచ్చాయి. ఒకరు నూనె మానమన్నారు, ఒకరు నూనె తాగమన్నారు, మూడో ఆయన కొర్రలూ అండుకొర్రలూ తినమన్నారు. ముగ్గురిని నమ్మినవాళ్ళలోనూ బరువు తగ్గామన్నవాళ్ళు మా పార్కులోనే దొరుకుతారు. ఎదురుబొదురు దార్లలో నడిచి అందరూ ఒకే ఊరు ఎలా చేరారు?

దీనికి దగ్గరి జవాబు 2018లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది. క్రిస్టొఫర్ గార్డ్‌నర్ బృందం 609 మందిని రెండుగా విడదీసి సగం మందికి కొవ్వు తగ్గించిన తిండి, సగం మందికి పిండిపదార్థం తగ్గించిన తిండి ఏడాది పాటు నేర్పింది. సగటున ఒక గుంపు 5.3 కిలోలు తగ్గింది, రెండోది 6 కిలోలు. లెక్కలో అది తేడా కిందికి రాదు. అసలు తేడా ప్రతి గుంపు లోపలే ఉంది. ఒకే తిండి నేర్చుకున్నవాళ్ళలో పాతిక ముప్పై కిలోలు తగ్గినవాళ్ళున్నారు, ఎనిమిదో పదో పెరిగినవాళ్ళూ ఉన్నారు. అంటే ఏ డైట్ అన్న ప్రశ్నకు మనం ఇచ్చే ప్రాముఖ్యం దానికి లేదు.

తగ్గడం సరే, తగ్గినది నిలవడం వేరే కథ. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 1944, 45లలో 36 మంది యువకులను, వాళ్ళ ఇష్టంతోనే, ఆరు నెలలు అరకడుపుతో ఉంచాడు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. దాంతోపాటు వాళ్ళ ఊసంతా తిండి అయిపోయింది. వంటల పుస్తకాలు పట్టుకుని చదివేవారు. మళ్ళీ తిండి దొరికాక ఎంత తిన్నా చాలదన్నట్టు తిన్నారు. వాళ్ళు నోరు కట్టుకోలేని మనుషులని ఎవరూ అనలేరు, పరీక్షకు ముందు ఏరి తీసుకున్నదే గట్టివాళ్ళను.

దశాబ్దాల తర్వాత ఇదే కథ టీవీలో నడిచింది. బరువు తగ్గే పోటీ పెట్టిన ఒక అమెరికన్ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ ఆరేళ్ళ తర్వాత పిలిచి కొలిచాడు. పోటీలో సగటున 58 కిలోలు తగ్గినవాళ్ళు 41 కిలోలు తిరిగి పెరిగారు. వింత అది కాదు. ఆరేళ్ళు గడిచినా వాళ్ళ ఒళ్ళు, ఆ సైజు మనిషికి ఖర్చు కావలసిన దానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువ ఖర్చు పెడుతోంది. కరువు చూసిన ఇల్లాలు బియ్యం డబ్బా మూత బిగించినట్టు శరీరం పొదుపు నేర్చింది. 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు ఇంకో కోణం చూపారు: పది వారాల కఠిన పథ్యం చేసినవాళ్ళలో ఆకలి పుట్టించే, ఆకలి తీరిందని చెప్పే హార్మోన్లు ఏడాది తర్వాత కూడా పాత స్థితికి రాలేదు. ఇవన్నీ చదివాక "ఫలానా ఆయన తగ్గి మళ్ళీ పెరిగాడట" అని నవ్వబుద్ధి కాదు.

ఇక మనసు సంగతి. ఈ వాదం ఇవాళ్టిది కాదు. 1959లో ఆల్బర్ట్ స్టంకార్డ్ న్యూయార్క్‌లో ఒక క్లినిక్‌కు వచ్చిన వంద మంది లెక్క తీశాడు. పథ్యం చీటీ ఇచ్చి పంపితే ఇరవై పౌండ్లు తగ్గినవాళ్ళు 12 మంది. రెండేళ్ళకు ఆ తగ్గుదల నిలిచింది ఇద్దరికి. చీటీలతో కాదని తేలాక 1967లో రిచర్డ్ స్టువర్ట్ ఎనిమిది మందితో తిండి గురించి కాకుండా తినే తీరు గురించి మాట్లాడాడు. చదువుతూ, టీవీ చూస్తూ తినొద్దు, ఒకేచోట కూర్చుని తినండి, ముద్దకూ ముద్దకూ మధ్య చేతిలోది కింద పెట్టండి. ఎనిమిది మందే అయినా ఏడాది పాటు ఆయన్ను అంటిపెట్టుకుని ఉన్నారు, గణనీయంగా తగ్గారు. ఇప్పుడు యాప్‌లలో డబ్బు కట్టి నేర్చుకునే పాఠాల్లో సగం ఆ ఎనిమిది మంది దగ్గర పుట్టినవే.

1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. తిండి విషయంలో తమను తాము కట్టడి చేసుకునే అమ్మాయిలకు ముందు మిల్క్‌షేక్ ఇచ్చి తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూడమన్నారు. మిల్క్‌షేక్ తాగినవాళ్ళు కడుపు నిండి తక్కువ తినాలి కదా, తాగనివాళ్ళకంటే ఎక్కువ తిన్నారు. నియమం ఎలాగూ తప్పింది, ఇంకేముంది అని. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికో పొడుగాటి పేరుంది. మనకు సామెత ఉంది: నిండా మునిగినవాడికి చలేమిటి. పెళ్ళిలో ఒక్క బూరె తిన్నందుకు ఆ పూట డైట్‌ను గట్టున పెట్టి, పూర్ణాలూ పులిహోరా కానిచ్చి, సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడదామనుకునే వాళ్ళందరూ ఆ ప్రయోగశాలలో కూర్చున్నవాళ్ళే. నియమం ఎంత బిగిస్తే ఆ చలి భయం అంత త్వరగా పోతుంది. మనసు గురించి చెప్పే వాటిలో గట్టి విషయం ఇది.

అన్నీ ఇంత గట్టివి కావు. 2011లో ఆలియా క్రమ్ ఒకే 380 కేలరీల షేక్‌ను ఒక వారం విందు పానీయమని, ఇంకో వారం పథ్యపు పానీయమని చెప్పి తాగించింది. విందు అనుకున్నప్పుడు ఆకలి హార్మోన్ బాగా దిగింది. అద్భుతమే. కానీ అది ఒక గ్లాసు, ఒక పూట ముచ్చట. దాని మీద "నమ్మితే తగ్గుతారు" అనే మేడలు కట్టారు. కంచం చిన్నదైతే తక్కువ తింటారన్న సలహాను ఊరూరా తిప్పిన కార్నెల్ ఆచార్యుడు బ్రయాన్ వాన్సింక్ సంగతి ఇంకా ఘోరం. పత్రికలు ఆయన పత్రాలు ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుంటే 2018లో ఆయన తప్పుకోవలసి వచ్చింది. చిన్న కంచం వాడితే నష్టం లేదు, నేనూ వాడతాను. అది శాస్త్రం రుజువు చేసిందని మాత్రం ఎవరితోనూ అనను.

మైండ్‌సెట్ వాదంతో నా అసలు పేచీ వేరు. డైట్ చెప్పినాయన నువ్వు తిన్న నూనె తప్పంటాడు. మైండ్‌సెట్ చెప్పినాయన నువ్వే తప్పుగా ఆలోచించావంటాడు. రెండోది ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. టికెట్టు వెనక జాతకం మళ్ళీ అచ్చయింది, ఈసారి మెరుగైన ముద్రణ. 1986లో స్టంకార్డే డెన్మార్క్‌లో దత్తత వెళ్ళిన 540 మందిని చూస్తే వాళ్ళ ఒళ్ళు కన్నవాళ్ళను పోలింది, పెంచినవాళ్ళను పోలలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో పోతుందో లేదో గానీ, పుట్టుకతో వచ్చిన నడుముకు పట్టుదల పాఠాలు చెప్పేటప్పుడు కాస్త సిగ్గుపడాలి.

అలవాటు గురించి తెలిసినది మనసు గురించి తెలిసినదానికంటే నిలకడైనది. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందని ఊరంతా అంటుంది. అది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960 నాటి పుస్తకంలోంచి జారిన మాట. తన రోగులు కొత్త ముఖానికి అలవాటుపడటానికి మూడు వారాలైనా పట్టిందన్నాడాయన. కొత్త ముక్కుకూ సాయంత్రం మానేసిన బజ్జీకీ సంబంధం ఏమిటో! లండన్‌లో ఫిలిప్పా లాలీ 96 మందిని గమనించి 2009లో చెప్పినది వేరు. ఒక చిన్న పని ఆలోచించకుండా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. అంచనా ప్రకారం కొందరికి 18 చాలు, ఒకరికి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే ఏమీ చెడలేదన్నది అన్నిటికంటే పనికొచ్చే విషయం. దీక్షలో ఒక రోజు తప్పితే భంగం. అలవాటులో తప్పితే రేపుంది. మాడవీధుల్లో ఇంటి ముందు రోజూ ముగ్గు పెట్టే ఆవిడ ఒకనాడు జ్వరంతో పడుకుంటే మర్నాటి ముగ్గు ఆగదు.

ఇక మన ఊరి పరిశోధన. ఈ ప్రశ్న మీద ప్రపంచానికి మద్రాసు చెప్పింది తక్కువేమీ కాదు, మనకే సరిగా తెలియదు. 2002లో అమెరికాలో మూడు వేల పైచిలుకు మందితో జరిగిన అధ్యయనం, బరువులో ఏడు శాతం తగ్గించి వారానికి 150 నిమిషాలు నడిస్తే షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గుతుందని చూపింది. అది మనకు వర్తిస్తుందా? మన ఒళ్ళు వేరు. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఫొటో వైద్య లోకంలో ప్రసిద్ధం. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు దాచుకునే జాతి మనది. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా లెక్క, నడుం మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదంటారు.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ అంచుకు చేరిన 531 మందిని తీసుకుని 2006లో ఫలితాలు ప్రకటించింది. సలహాలు ఏ వింతా లేనివి: రోజుకు అరగంట చురుగ్గా నడవండి, పంచదార మానండి, మరపట్టిన ధాన్యమూ నూనే తగ్గించండి, పీచు పెంచండి. ఉద్యోగానికి నడిచో సైకిలు మీదో వెళ్ళేవాళ్ళను అదే కొనసాగించమన్నారు. మూడేళ్ళలో సలహా అందని గుంపులో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. అలవాట్లు మార్చుకున్న గుంపులో 39 శాతానికి వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్ళలోనూ దాదాపు అంతే. అలవాట్లు మార్చుకుని మేలు పొందిన ఆ గుంపు బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు. ముల్లు కదలలేదు, లోపల మాత్రం ఇన్సులిన్ పని మెరుగుపడింది.

ఈ ఒక్క ఫలితం మీద ఎంత మాట్లాడినా తక్కువే. అలవాట్లు మార్చుకున్న ఆ గుంపు మూడు నెలలకోసారి పార్కు బయటి తూకం ఎక్కి, అంకె చూసి, "ఛీ, ఏం లాభం" అని నడక మానేసి ఉంటే? ముల్లు వాళ్ళకు అబద్ధం చెప్పలేదు, అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది. డైట్ వ్యాపారమూ మైండ్‌సెట్ వ్యాపారమూ రెండూ బరువునే న్యాయమూర్తిగా కూర్చోబెట్టాయి. చెన్నై సాక్ష్యం ఆ న్యాయమూర్తికి ఈ కేసు వినే అధికారం తక్కువంటోంది.

అదే బృందం 2013లో ఇంకో పని చేసింది. 537 మంది ఉద్యోగస్థులైన మగవాళ్ళలో సగం మందికి రెండేళ్ళ పాటు సెల్‌ఫోన్‌కు పొట్టి సందేశాలు పంపింది. మార్పుకు మనిషి ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి, ఇంకా తటపటాయిస్తున్నవాడికి ఒక మాట, మొదలుపెట్టినవాడికి ఇంకో మాట. సందేశాలు అందనివాళ్ళలో 27 శాతానికి షుగర్ వస్తే అందినవాళ్ళలో 18 శాతానికి వచ్చింది. మైండ్‌సెట్ అన్న మాటకు ఎక్కడైనా గౌరవం దక్కిందంటే ఇక్కడ దక్కింది: అరుపుల్లేవు, గుణం మీద తీర్పు లేదు, సరైన వేళకు రెండు ముక్కలు. గోపాలపురంలోని మద్రాస్ డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్ 578 మందితో చేసి 2016లో వెల్లడించిన అధ్యయనంలో తరగతులు నడిపినవాళ్ళలో శిక్షణ పొందిన మామూలు జనం కూడా ఉన్నారు. షుగర్ అవకాశం 32 శాతం తగ్గింది. మనిషికి మనిషి తోడుంటే పని జరుగుతుందన్నది మా నడక గుంపుకు ఎవరూ రుజువు చేయనక్కర్లేదు, ఒకాయన రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి ఫోను వెళ్తుంది.

సలహాలన్నీ ఒక వ్యక్తికి చెబుతారు, అన్నం మాత్రం ఇల్లంతటికీ ఒకే కుక్కర్లో ఉడుకుతుంది. చెన్నై పట్టణవాసుల తిండిని లెక్కగట్టిన అధ్యయనంలో రోజు కేలరీల్లో దాదాపు సగం మరపట్టిన ధాన్యాల నుంచే వచ్చాయి, అందులో సింహభాగం తెల్లన్నం. ఇక్కడి భోజనమే అలా కట్టి ఉంది. సాంబారుతో ఒకసారి, రసంతో ఒకసారి, పెరుగుతో ఒకసారి. మనింట్లో పప్పు, పులుసు, చారు, మజ్జిగ. ప్రతి వాయికీ అన్నం మారు. వద్దని చెయ్యి అడ్డం పెడితే ఆ వేళ్ళ సందుల్లోంచే వడ్డించగల నేర్పు మన పెద్దమ్మలకుంది. పైగా సెలవుకు వచ్చిన కొడుకును చూసి తల్లి అనే మొదటి మాట "చిక్కిపోయావేమిరా". ఒళ్ళు చేయడం బాగుపడటానికి గుర్తయిన కాలం నుంచి మనమింకా పూర్తిగా బయటపడలేదు. ఇదంతా ఎవరి మైండ్‌సెట్? తినేవాడిదా, వడ్డించేవాళ్ళదా?

వడ్డించే మనిషి సంగతి పుస్తకాల్లో ఉండదు. అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలింది పారేయలేక తినే ఇల్లాలికి "మీ ఆకలిని వినండి" అనే సలహా ఏం పనికొస్తుంది? ఆమె తినేది ఆకలికి కాదు, గిన్నె ఖాళీ చేయడానికి. అన్నం పరబ్రహ్మమని నేర్చుకున్న చెయ్యి పారేయదు. ఆమె బరువు తగ్గాలంటే మారవలసింది ఆమె మనసు కాదు, పొద్దున కొలిచే బియ్యం. అందులో అందరికీ వాటా ఉండాలి. దంపుడు బియ్యం గురించి చెన్నైలోనే చేసిన ఒక రుచి పరీక్షలో జనం తెల్లటి పాలిష్ బియ్యాన్నే మెచ్చారు. మేలేమిటో వివరించాక మాత్రం మారడానికి చాలామంది సరేనన్నారు. సరేననడానికీ కుక్కర్లో పోయడానికీ మధ్య అత్తగారుంటుంది, పిల్లల డబ్బా ఉంటుంది, ధర ఉంటుంది.

వీధి కూడా ఇంటిలాంటిదే. అరుండేల్ వీధిలో రాయర్ మెస్ పొంగలి, తూర్పు మాడవీధిలో కర్పగాంబాళ్ మెస్ తోటకూర వడ, కిటికీలోంచి బజ్జీలు అందించే జన్నల్ కడై, ధనుర్మాసంలో సభల క్యాంటీన్లు. కచేరీకి వెళ్ళి క్యాంటీన్ చూడకుండా వచ్చేవాళ్ళను నేను ఎరగను. ఇవన్నీ శత్రువులని చెప్పే వ్యాసం నేను రాయను. ఈ పేటలో బతకడానికి ఉన్న కారణాల్లో అవి కొన్ని. అయితే గమనించండి: పాతకాలం మెస్‌లకు వేళ ఉండేది, పదింటికి వెళ్తే పొంగలి అయిపోయేది. ఇప్పుడు ఫోనులో రాత్రి పదకొండుకు బిర్యానీ వస్తుంది. మన తాతలకు నిగ్రహం ఎక్కువని అనుకుంటాం గానీ, వాళ్ళ కాలంలో కొట్టు మూసేసేవారు.

ఇంతలో బరువు తగ్గించే సూదిమందులు వచ్చాయి. 2021లో సెమాగ్లూటైడ్ అనే మందు పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం బరువు తగ్గింది, మందు ఆపిన ఏడాదికి అందులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. 2025లో బరువు తగ్గడానికే వాడే ఇలాంటి సూదిమందులు మన దుకాణాలకూ చేరాయి. ఖర్చూ పక్క ఇబ్బందులూ డాక్టరుతో తేల్చుకోవలసినవి. ఈ చర్చకు వాటి వల్ల జరిగిన మేలు ఒకటుంది. వారానికో సూదితో నోరు దానంతటదే కట్టుబడిపోతే, ఇన్నాళ్ళూ అది గుణదోషమని తిట్టినవాళ్ళు ఏం చెబుతారు?

మా నడక గుంపులో ఒక పెద్దావిడ ఉన్నారు. ఏడేళ్ళుగా రోజూ నాలుగు చుట్లు, వానొస్తే తప్ప నడక ఆగదు. బరువు ఎంత తగ్గారని ఆ మధ్య ఎవరో అడిగితే ఆలోచించి, "కిలోన్నరేమో" అన్నారు. అడిగినాయన జాలిగా చూశాడు. ఆవిడ పట్టించుకోలేదు. ఆ నెల షుగర్ రిపోర్టు పర్సులో ఉంది, అది చూపించడానికి కళ్ళజోడు వెతుక్కుంటున్నారు.